పిట్ట పొడిచిందట

"మాగ్‌పైయా?" అన్నాడు నెవిల్, టీ కప్పు చేత్తో పట్టుకుని, ఆమె కనుబొమ మీది ప్లాస్టర్ వంక చూస్తూ.

మెరిన్ తల ఊపింది. అంతే. సెప్టెంబరులో, అంటే మాకు వసంతంలో, మా టారూక్‌లో ఎవరి మొహం మీద గీత పడినా జనం అడిగే మొదటి ప్రశ్న అదే, ఆఖరి ప్రశ్నా అదే. చెట్ల మీద గూళ్ళలో పిల్లలున్న ఆ నెలన్నరా నది గట్టు బాట మగ మాగ్‌పైలదే. కాకంత ఉంటుంది, నలుపూ తెలుపూ కలిసిన పిట్ట. చప్పుడు లేకుండా వెనకనుంచి దూసుకొచ్చి నెత్తిన ముక్కుతో ఒక్కటిచ్చి పోతుంది. సైకిళ్ళవాళ్ళు హెల్మెట్ల నిండా ప్లాస్టిక్ పుల్లలు గుచ్చుకుని ముళ్ళపందుల్లా తిరుగుతారు. పిల్లలు ఐస్‌క్రీం డబ్బాలు నెత్తిన బోర్లించుకుని బడికి పోతారు. బ్యాంకు మేనేజరంతటివాడు ఎర్రటి ఎండలో గొడుగేసుకుని నడుస్తాడు, ఎవరూ నవ్వరు. పిట్ట చేత దెబ్బ తినడం మా ఊళ్ళో నామోషీ కాదు, నలుగురికీ చెప్పుకునే ముచ్చట. కాబట్టి నెవిల్ అడిగింది ప్రశ్న కానే కాదు. జవాబు చేతికి అందించాడు, ఆమె పుచ్చుకుంది.

నెవిల్ మునిసిపాలిటీ పార్కుల జట్టుకి మేస్త్రి. ఆ జట్టులో మెరిన్ ఒక్కతే ఆడది. గట్టు పొడవునా గడ్డి కొయ్యడం, చెత్త డబ్బాలు ఖాళీ చెయ్యడం, పిల్లల ఉయ్యాలల గొలుసులు చూడటం, బాట మీద విరిగిపడ్డ కొమ్మలు లాగెయ్యడం ఆమె పని. మరుగుదొడ్లు కడగడం అందరూ వంతులవారీగా చెయ్యాలి కానీ ఆ వంతు ఎప్పుడు చూసినా ఆమెదే అయ్యుండేది. నీ చెయ్యి పడితే ఆ శుభ్రమే వేరు అనేవాళ్ళు. ఇంట్లో అత్తగారు బెరిల్ కూడా సరిగ్గా ఆ మాటే అనేది. పొగడ్త అలాగే ఉంటుంది మరి, చీపురు చేతికిస్తూ చెప్పే పొగడ్త.

నెవిల్ టీ తాగడం ఆపి ఇంకాసేపు చూశాడు. "నిన్నా? ఆ పిట్ట నిన్ను పొడిచిందా?" అన్నాడు. మెరిన్ చేతి తొడుగులు వెతుక్కుంటున్నట్టు వంగింది. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆయన ఎందుకలా అన్నాడో ఆమెకి తెలుసు. పడవల రేవు దగ్గర జామాయిల్ చెట్టు మీదుండే మగ పిట్ట ఏళ్ళుగా ఆమె గడ్డి మెషీను వెనకే నడుస్తుంది. తెగిన గడ్డిలోంచి పురుగులు బయటపడతాయని దాని ఆశ. ఆమె దాన్ని మనసులో పెద్దాయన అనుకునేది. మా ఊరి మాగ్‌పైలకి మనుషుల మొహాలు గుర్తుంటాయి, ఏళ్ళ తరబడి గుర్తుంటాయి. ఒకసారి పగబట్టిన పోస్టుమాన్‌ని బండి మార్చినా వదల్లేదు. స్నేహం చేసినవాళ్ళ జోలికి మటుకు రావు. పెద్దాయన ఎంతమంది నెత్తిన తన్నాడో లెక్కలేదు కానీ మెరిన్ కింద కూర్చుని రొట్టె తింటుంటే దగ్గరికొచ్చి, మెడ వంచి, ఏమ్మా బాగున్నావా అన్నట్టు చూసి పోయేవాడు. మా ఊళ్ళో ఆమెని అలా చూసి పోయేవాళ్ళు ఇంకెవరూ లేరని అనుకుంటే ఆమెకే నవ్వొచ్చేది.

శనివారం జరిగింది ఇదీ. ఆమె భర్త డారిన్‌కి ఊళ్ళో టైర్ల షాపుంది. కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ కూడా. ఊరంతటికీ కావలసినవాడు, ఎవరి బండి బురదలో దిగబడినా ముందు అతనికే ఫోను. జట్టు బట్టలన్నీ వారం వారం ఉతికేది మెరిన్. బురద నానబెట్టి, చేత్తో రుద్ది, ఆరేసి, ఇస్త్రీ చేసి సంచిలో సర్దాలి. ఆ శనివారం ఫైనల్ మ్యాచ్. అత్తగారికి పన్నెండింటికల్లా భోజనం పడాలి కాబట్టి ఆమె వంటగదిలో ఉంది. బట్టల సంచి ఇంకా బండెక్కలేదని డారిన్ గుమ్మంలోంచి అరిచాడు. ఒక్క నిమిషం అంది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం, ఈ ఇంట్లో అన్నీ ఒక్క నిమిషాలే, ఇదిగో తాళాలు, నువ్వే పెట్టుకో అన్నాడు. తాళాల గుత్తి గాల్లో వచ్చింది. ఇంటివీ షాపువీ గోడౌనువీ అన్నీ ఉన్న గుత్తి, ఒక సీసా మూత తీసే ఇనప ముక్క కూడా దానికే వేలాడుతుంది. కనుబొమ చీరుకుపోయింది. "పట్టుకోవాల్సింది," అన్నాడు.

అతను ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. ఆ మాట అతనే అనేవాడు, ఆమె కూడా చాలా ఏళ్ళు అనుకుంది. విసురుతాడు, అంతే. టీవీ రిమోటు, బూటు, ఉప్పు డబ్బా, ఒకసారి నీళ్ళ పైపు చివర ఇత్తడి మూత. విసిరాక ఎప్పుడూ ఒకటే మాట, పట్టుకోవాల్సింది. ఇంటికి చుట్టాలొస్తే అదొక హాస్యం. మా మెరిన్ చేతుల్లో ఏదీ నిలవదు అంటాడు, అందరూ నవ్వుతారు, ఆమె టీ పోస్తూ నవ్వుతుంది. మరి విసిరింది చెయ్యి కాదా, చేతిలోంచి వస్తే దెబ్బ కాదా అని ఆమె లోపల అడుగుతుండేది. అడిగి, మళ్ళీ తనే సర్దిచెప్పుకునేది. తాగుబోతు కాదు, జూదరి కాదు, సంపాదన ఇంటికే తెస్తాడు. ఇలా మొగుడి మంచి గుణాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవలసి వచ్చిందంటేనే ఏదో తేడా ఉందని ఏ తల్లీ కూతురికి చెప్పదు. శనివారం అతనే ఐసు ముక్కలు గుడ్డలో కట్టి తెచ్చి కనుబొమ మీద అద్దాడు. ఇంకాస్త కిందకి తగిలితే కన్ను పోయేది, మన అదృష్టం అన్నాడు. ఎవరో దారినపోయేవాడు విసిరినట్టే చెప్పాడు.

సోమవారం సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. బేకరీ ఆవిడ పాలకోవాలా ఉండే మీగడ కేకు ఊరికే ఇచ్చి, కన్ను దక్కింది తల్లీ అంది. బడి దగ్గర తల్లులు ఆపి, అయ్యో మెరిన్ అన్నారు. ఇరవయ్యేళ్ళుగా వాళ్ళు పారేసిన చెత్త ఎత్తుతోంది, ఆమె పేరు వాళ్ళకి తెలుసని ఆమెకి ఆరోజే తెలిసింది. జాలి బాగుంటుంది. వెచ్చగా ఉంటుంది. తప్పుడు జాలి అని తెలిసి కూడా ఆమె దానిలో కాసేపు కూచుంది, ఎందుకు కూచోకూడదు? అసలు దెబ్బకి ఎవరూ ఇవ్వని ఓదార్పు దొంగ దెబ్బకి ఇస్తున్నారు. అత్తగారు మాత్రం, టోపీ పెట్టుకోమంటే విన్నావా అమ్మాయ్ అంది. శనివారం ఆవిడ భోజనాల బల్ల దగ్గరే కూచునుంది. గుత్తి గాల్లో రావడం ఆవిడ రెండు కళ్ళతో చూసింది.

మంగళవారం గాలి మారింది. పిట్ట కళ్ళ మీదికి వస్తోందట, పక్కనే పిల్లల పార్కుంది, మునిసిపాలిటీ నిద్రపోతోందా అని ఫోన్ల మీద ఫోన్లు. నెత్తిన తన్నే పిట్టకి హెచ్చరిక బోర్డు పెడతారు. కన్ను దగ్గర చీరిన పిట్టకి వేరే నిబంధన. రేవు దగ్గర బాటకి అడ్డంగా పసుపు రిబ్బను కట్టేశారు, ఆ రిబ్బను కట్టే పని కూడా మెరిన్‌కే పడింది. ఆమె ముడి వేస్తుంటే పెద్దాయన కొమ్మ దిగి వచ్చి ఆమె బూటు పక్కన మట్టి తవ్వుకున్నాడు. పైన గూట్లో పిల్లలు అరుస్తున్నాయి. పో ఇక్కణ్ణించి, పో అని ఆమె కసిరింది. వాడు మెడ వంచి చూశాడే కానీ పోలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర డారిన్ ఉత్సాహంగా ఉన్నాడు. ఆదివారం నది బాట మీద పరుగు పందెం. ఫుట్‌బాల్ క్లబ్బుకి ఏడాదికంతటికీ అదే పెద్ద సంబరం, దానికి అధ్యక్షుడు డారిన్. బాట తెరిస్తేనే పందెం. పిట్టలు పట్టే ఆవిణ్ణి పై ఊరినుంచి పిలిపించారు, గురువారం పొద్దున్న వస్తుంది, దెబ్బ తిన్న మనిషి వచ్చి ఇదే పిట్ట అని చెప్తే చాలు, అక్కడికక్కడే పని అయిపోతుంది అన్నాడు. ఏ పని అని మెరిన్ అడిగింది. గూట్లో పిల్లలున్నాయి కనుక ఎక్కడ వదిలినా తిరిగొస్తుంది, ఇంజక్షనిచ్చేస్తారు అన్నాడు, బంగాళాదుంపలు ఇంకాస్త వడ్డించమని పళ్ళెం జరుపుతూ.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. "డారిన్, అది నన్ను పొడవలేదు కదా," అంది మెల్లిగా.

అతను తలెత్తలేదు. "నేను చెప్పమన్నానా? పిట్ట అని చెప్పింది నువ్వు. నేనేం అనలేదు. ఇప్పుడు మాట మారిస్తే నీకే మతి చలించిందనుకుంటారు."

అదీ నిజమే. అతను చెప్పమనలేదు. అతని పరువు కాపాడే పని కూడా ఆమె అడక్కుండానే చేసిపెట్టింది, బట్టల సంచి సర్దినట్టు. అత్తగారు నీళ్ళ గ్లాసు కింద పెట్టి, పిట్టే కదే, వందలున్నాయి, సంసారం కన్నా పిట్ట ఎక్కువా అంది. ఆ మాటతో మెరిన్‌కి తెలిసిపోయింది, ఆ శనివారం సంగతే కాదు, ఇన్నేళ్ళ సంగతీ ఆవిడకి తెలుసు, ఎప్పుడూ తెలుసు.

బుధవారం ఆమె ఎప్పటిలా పనికి వెళ్ళింది. గడ్డి కోస్తూ ఆలోచించింది. చెప్తే ఏమవుతుంది? ఊళ్ళో డారిన్‌కి సాయం బాకీ పడని ఇల్లు లేదు. ఎవరు నమ్ముతారు? నమ్మినా, ఒక తాళాల గుత్తి కోసమా ఇంత రాద్ధాంతం అంటారు. తాళాల గుత్తి చిన్నదే. ఉప్పు డబ్బా చిన్నదే. ఒక్కొక్కటీ విడిగా చూస్తే అన్నీ చిన్నవే, ఎవరికైనా చెప్పుకుంటే నవ్వే అంత చిన్నవి. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఒక పిట్ట చస్తుంది. పరుగు పందెం జరుగుతుంది, పందెం దగ్గర కాల్చే సాసేజిలకి ఉల్లిపాయలు తరిగేది ఆమే. ఏమీ కాదు అన్న మాటే ఆమెని నిలవనివ్వలేదు. ఇన్నేళ్ళూ ఏమీ కానందుకేగా సంతోషపడుతూ వచ్చింది. తనకి తగిలినప్పుడు ఏమీ కాలేదని సరిపెట్టుకోవడం ఆమెకి అలవాటే. ఇంకొకరి ప్రాణం తీసి ఏమీ కాలేదనుకోవడానికి మాత్రం ఆ అలవాటు చాలడం లేదు.

గురువారం పొద్దున్న రేవు దగ్గర పదిమంది దాకా చేరారు. నెవిల్ ఉన్నాడు, పందెం కమిటీ వాళ్ళున్నారు, బేకరీ ఆవిడ ఉంది. డారిన్ షాపు మూసి మరీ వచ్చాడు, క్లబ్బు టోపీ పెట్టుకుని అందరికీ కాఫీ కప్పులు అందిస్తున్నాడు. పిట్టలు పట్టే ఆవిడ పేరు రోండా. అరవై దాటి ఉంటుంది, ఎండకి కమిలిన మొహం, బండిలో వల, పంజరం, ఒక చిన్న పెట్టె ఉన్నాయి. ఆ పెట్టె వంక మెరిన్ రెండోసారి చూడలేకపోయింది.

రోండా తన పద్ధతి చెప్పింది. చెట్టు మీద జంట ఉంటుంది, చుట్టుపక్కల ఇంకా మగవి ఉంటాయి, తప్పు పిట్టని తీస్తే తన లైసెన్సు పోతుంది. అందుకని దెబ్బ తిన్న మనిషి టోపీ లేకుండా ఆ చెట్టు కింద ఒంటరిగా నడవాలి. పొడిచిన పిట్టకి మొహం గుర్తుంటుంది, తప్పకుండా మళ్ళీ దూకుతుంది. దూకిన దాన్ని తను చూసుకుంటుంది. "భయపడకమ్మా, వల సిద్ధంగా ఉంది," అంది.

భయం ఉంది, పిట్టంటే కాదు. మెరిన్ టోపీ తీసి నెవిల్ చేతికిచ్చింది. రిబ్బను కింద నుంచి దూరి బాట మీద నడిచింది. దూకు, ఒక్కసారి దూకు, నా అబద్ధం నిజం చెయ్యి, ఈ పీడ వదులుతుంది అని ఒక మనసు. దిగకు, అసలు కనపడకు అని ఇంకో మనసు. సగం దూరం నడిచేసరికి రెక్కల చప్పుడైంది. రోండా వల ఎత్తింది. పెద్దాయన ఆమెకి రెండడుగుల ముందు నేల మీద వాలాడు. వాలి, ఆమె వంక మెడ వంచి చూసి, గడ్డి మెషీను ఏదీ అన్నట్టు ఆమె వెనక చూసి, ఆమె పక్కనే తాపీగా నడక మొదలుపెట్టాడు. ఆమె ఆగితే ఆగాడు. ఆమె నడిస్తే నడిచాడు.

గుంపులో ఎవరో నవ్వి ఆపేశారు. రోండా వల దించింది. "ఇది కాదు. ఈ పిట్ట నిన్ను ఎప్పుడూ ముట్టుకోలేదు. బాగా గుర్తు చేసుకోమ్మా, ఎక్కడ జరిగింది?"

"ఇక్కడే, ఇదే పిట్ట," అన్నాడు డారిన్, ఆమె నోరు తెరిచేలోపే. "నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. వల వెయ్యండి, నేలమీదే ఉందిగా."

అతను అంత తేలిగ్గా ఎలా అన్నాడో చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యం తనలో తనకే కలిగింది, ఎందుకంటే ఇందాకటి భయం లేదు. పిట్ట ఇంకా ఆమె కాలి దగ్గరే ఉంది. రోండా ఒకడుగు వేసింది. మెరిన్ వెనక్కి తిరిగి, పిట్టకీ వలకీ మధ్య నిలబడింది.

"వెయ్యకండి," అంది. గొంతు ఆమె అనుకున్నంత చిన్నగా రాలేదు. "పిట్ట పొడవలేదు. డారిన్ తాళాల గుత్తి విసిరాడు. శనివారం, మా ఇంట్లో."

నది మీద మోటారు పడవ ఒకటి మలుపు తిరిగి పోయింది. డారిన్ నవ్వాడు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు నవ్వే నవ్వే అది, అలవాటుగా వచ్చేసింది. అందరి వంకా చూసి, చేతులు చాచి అన్నాడు, "అబ్బ, అదా? విసిరానంతే. పట్టుకోవాల్సింది."

ఆ మాట వంటగదిలో వందసార్లు అన్నాడు. వంటగదిలో అది హాస్యం. గట్టు మీద, పట్టపగలు, పదిమంది మధ్య అది నేల మీద పడి అలాగే ఉండిపోయింది, ఎవరూ తియ్యలేదు. నా కళ్ళతో చూశాను అని ఇప్పుడే అన్న నోటితోనే అన్నాడు మరి. బేకరీ ఆవిడ చేతిలోని కాఫీ కప్పు మెల్లిగా అతని బండి బానెట్ మీద పెట్టేసింది. నెవిల్ మెరిన్ టోపీని రెండు చేతులతో పట్టుకుని దానివంకే చూస్తున్నాడు, సోమవారం తను అందించిన జవాబు ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది.

"దేంతో పట్టుకోను డారిన్?" అంది మెరిన్. "పొయ్యిలోంచి మీ అమ్మకి భోజనం తీస్తున్నాను. రెండు చేతుల్లోనూ కాలుతున్న ట్రే ఉంది. నువ్వు చూసే విసిరావు."

ఆమెకి ఏడుపు రాలేదు. వస్తుందనుకుంది. ఆ ట్రే ఆమె కింద పడెయ్యలేదు, నెత్తురు కంట్లోకి కారుతుంటే కూడా జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది, అత్తగారి భోజనం పాడవకూడదని. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి డారిన్ మీద కన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపం కూడా ఎంతోసేపు నిలవలేదు, పోనీ పాపం అనిపించింది, తన మీద తనకి, మొట్టమొదటిసారి.

డారిన్ మొహంలో నవ్వు పోయింది. రిబ్బను దాకా వచ్చి, గొంతు తగ్గించి, పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "నలుగురిలో ఏంటే ఇది? ఇంటికి పద. ఇంటి దగ్గర మాట్లాడుకుందాం."

మెరిన్ బాట పక్కనున్న చెక్క బెంచీ మీద కూచుంది.

"ఇల్లు నీది, డారిన్. ఇది పార్కు, అందరిదీ. ఏం మాట్లాడతావో ఇక్కడే మాట్లాడు."